కొండల్లో మోసుకెళ్లే వేట రైఫిల్: ఏ భాగాన్ని ముందు ఎంచుకోవాలి, ఎక్కడ బరువు తగ్గించాలి

రోడ్డు అంతమయ్యే చోట వాహనాన్ని వదిలి, గుడారం, పక్క, తిండి, నీళ్లు అన్నీ వీపున వేసుకొని ఎత్తైన కొండల్లో రోజుల తరబడి తిరిగే వేటలో రైఫిల్‌ను కాల్చే సమయం కొన్ని క్షణాలే, మిగతా సమయమంతా దాన్ని మోయవలసిందే. అందువల్ల ఇలాంటి రైఫిల్‌ను భాగాలుగా ఎంచుకొని కట్టించుకోవాలనుకునేవారు మొట్టమొదట బరువు గురించే ఆలోచిస్తారు. ఆ ఆలోచన సహజమైనదే కాని, దానితోనే మొదలుపెట్టి దానితోనే ముగించినవారికి తరచుగా దక్కేది మోయడానికి హాయిగానూ కాల్చడానికి కష్టంగానూ ఉండే ఆయుధం. ఏటవాలు మీద ఎగశ్వాస పీలుస్తూ, పక్కగాలి వీస్తుండగా, మూడు వందల మీటర్ల దూరంలో ఉన్న జంతువు గుండె, ఊపిరితిత్తులు ఉండే భాగానికి మొదటి బుల్లెట్‌నే చేర్చడం ఈ రైఫిల్ చేయవలసిన పని. గాయపడి తప్పించుకున్న జంతువు పడే బాధకు కాల్చినవారే బాధ్యులు కాబట్టి, ప్రతి భాగాన్నీ ఈ పనికి అది ఎంత తోడ్పడుతుందన్న లెక్కతోనే చూడాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఎంపికలో క్రమానికి చాలా ప్రాముఖ్యం ఉంది. తూటా అంటే ఎగిరిపోయే బుల్లెట్, తుపాకి మందు, వాటిని పట్టి ఉంచే గొట్టం కలిసినది. దాని పొడవు యాక్షన్ పొడవును, అంటే తూటాను బ్యారెల్‌లోకి ఎక్కించి మూసే యంత్రభాగం పొడవును, నిర్ణయిస్తుంది. తూటా అడుగు వ్యాసం బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) ముఖాన్ని నిర్ణయిస్తుంది. బుల్లెట్ పొడవు బ్యారెల్‌లోని రైఫ్లింగ్ (బుల్లెట్‌ను గిరగిరా తిప్పే లోపలి గాడుల) మెలికను నిర్ణయిస్తుంది. బుల్లెట్ లక్ష్యం వద్ద విచ్చుకోవడానికి కావలసిన వేగం బ్యారెల్ పొడవును నిర్ణయిస్తుంది. వీటన్నిటి నుంచి వచ్చే వెనుతన్ను రైఫిల్‌కు ఉండవలసిన కనీస బరువును నిర్ణయిస్తుంది. ఈ గొలుసును వెనుక నుంచి పట్టుకొని, ముందుగా అందమైన స్టాకో (భుజానికి ఆనించే పిడి భాగం) తేలికైన టైటానియం యాక్షనో కొని, ఆ తరువాత దానిలో ఇమిడే తూటా కోసం వెతకడం ఖర్చుతో కూడిన పొరపాటు. వేటకూ ఆయుధానికీ కావలసిన లైసెన్సులు ముందే చేతిలో ఉండాలన్నది వేరే చెప్పనక్కరలేదు. పైగా అనేక దేశాల్లో రిసీవర్‌ను (బోల్ట్ కదిలే యాక్షన్ చట్రాన్ని), కొన్నిచోట్ల బ్యారెల్‌ను కూడా, చట్టం పూర్తి ఆయుధంతో సమానంగానే లెక్కిస్తుంది కాబట్టి భాగాల కొనుగోలు సైతం అధీకృత విక్రేత ద్వారానే జరగాలి.

ముందు తూటా

తూటాల చర్చలో వాదనలకు అంతుండదు. వేటాడే జంతువు, కాల్చగల గరిష్ఠ దూరం, భుజం తట్టుకోగల వెనుతన్ను అనే మూడు ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకుంటే మాత్రం ఎంపిక త్వరగానే కుదురుతుంది.

జింకలు, కొండమేకలు, కొండగొర్రెల స్థాయి జంతువులకు 2007లో హోర్నడీ సంస్థ తెచ్చిన 6.5 క్రీడ్‌మూర్, 1980 నాటి 7 ఎం.ఎం.-08 రెమింగ్టన్, 1952 నాటి .308 విన్‌చెస్టర్ మూడూ సరిపోతాయి. మూడూ పొట్టి యాక్షన్‌లో ఇముడుతాయి. వీటిలో 6.5 క్రీడ్‌మూర్ బుల్లెట్లు సన్నగా, పొడవుగా ఉండి గాలికి తక్కువగా పక్కకు జరుగుతాయి, వెనుతన్ను కూడా తక్కువే. .308కు ఉన్న బలం వేరు: మారుమూల పట్టణంలోని దుకాణంలో కూడా దాని తూటాలు దొరికే అవకాశం ఎక్కువ, బ్యారెల్‌ను కురచ చేసినా అది పెద్దగా వేగం కోల్పోదు. నన్నడిగితే, దాదాపు అంతే వెనుతన్నుతో .308 కంటే మెరుగైన ఆకారం గల బుల్లెట్లను విసిరే 7 ఎం.ఎం.-08 ఈ మూడింటిలో అందరూ తక్కువగా అంచనా వేసిన తూటా.

ఎల్క్, మూస్ అనే భారీ జింకల వంటి జంతువుల విషయంలో ఒక మెట్టు పైకి వెళ్లడం న్యాయం. 1906 నాటి .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్, 1925 నాటి .270 విన్‌చెస్టర్, 1962 నాటి 7 ఎం.ఎం. రెమింగ్టన్ మ్యాగ్నమ్, 1963 నాటి .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్, 2022లో వచ్చిన 7 ఎం.ఎం. పి.ఆర్.సి. ఇక్కడ ప్రధాన ప్రత్యర్థులు. పాత తూటాలకూ కొత్తవాటికీ ఉన్న అసలు తేడా తుపాకి మందు పరిమాణంలో కంటే రూపకల్పనలో ఎక్కువగా కనిపిస్తుంది. .270 బ్యారెళ్లు సంప్రదాయంగా 10 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే రైఫ్లింగ్‌తో వస్తాయి. అది సుమారు 150 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) వరకున్న మామూలు బుల్లెట్లకు చాలు గాని, ఈనాటి పొడవైన బుల్లెట్లను గాలిలో స్థిరంగా నిలబెట్టలేదు. 7 ఎం.ఎం. పి.ఆర్.సి.ని మొదటి నుంచీ 8 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే బ్యారెల్ కోసం, పొడవైన బరువైన బుల్లెట్ కోసం తీర్చిదిద్దారు. అయితే బ్యారెల్‌ను మనమే చేయించుకుంటున్నప్పుడు పాత తూటాకు కూడా వేగమైన (తక్కువ దూరంలోనే ఒక చుట్టు తిరిగే) మెలిక కోరుకోవచ్చు కాబట్టి, ఫ్యాక్టరీ రైఫిల్ కొనేవారికి పెద్దదిగా కనిపించే ఈ తేడా కస్టమ్ రైఫిల్ కట్టించుకునేవారికి చాలా వరకు తగ్గిపోతుంది.

ఇక వెనుతన్ను సంగతి. 3.6 కిలోల రైఫిల్‌లో సాధారణ వేట తూటాలతో 6.5 క్రీడ్‌మూర్ సుమారు 17 జౌళ్లు, .308 సుమారు 23 జౌళ్లు, .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ సుమారు 40 జౌళ్ల శక్తితో భుజాన్ని వెనక్కి తన్నుతాయి. తూటా మారకుండా రైఫిల్ బరువు తగ్గితే ఈ శక్తి అదే నిష్పత్తిలో పెరుగుతుంది. అంటే 3.6 కిలోల నుంచి 2.7 కిలోలకు దిగితే వెనుతన్ను మూడో వంతు పెరిగి, .300 మ్యాగ్నమ్ సుమారు 53 జౌళ్లకు చేరుకుంటుంది. అంతటి తన్నును ముందే ఊహించుకొని ట్రిగ్గర్ నొక్కే క్షణంలో ఒళ్లు బిగపట్టే అలవాటు ఎంత అనుభవజ్ఞులకైనా వస్తుంది, ఆ అలవాటు ఒకసారి పట్టుకుంటే వదలడానికి నెలలు పడుతుంది. తేలికైన రైఫిల్, పెద్ద మ్యాగ్నమ్ రెండూ కావాలనుకునేవారు ఈ లెక్కను కాగితం మీద వేసుకున్నాకే ఆర్డర్ ఇవ్వాలి. నా సలహా ఇది: స్కోప్‌తో (గురి చూసే దుర్భిణితో) కలిపి 3.5 కిలోల లోపు రైఫిల్ కావాలంటే .308 స్థాయి వెనుతన్ను దగ్గర ఆగడం మంచిది. మ్యాగ్నమే కావాలంటే 4 కిలోలకు దగ్గరగా ఉండే బరువును ఒప్పుకోవాలి.

సీసం లేని రాగి బుల్లెట్లు ఎంచుకునేవారికి, లేదా చట్టరీత్యా వాటినే వాడవలసినవారికి, మరో మాట. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి అన్ని రకాల వేటకూ సీసపు తూటాలపై నిషేధం ఉంది. రాగి సీసం కంటే తేలికైన లోహం కాబట్టి అదే బరువున్న రాగి బుల్లెట్ పొడవుగా ఉంటుంది, అందుకని దానికి వేగమైన మెలిక కావాలి. పైగా రాగి బుల్లెట్ నమ్మకంగా విచ్చుకోవడానికి లక్ష్యం వద్ద సాధారణంగా ఎక్కువ వేగం కావాలి: సీసపు బుల్లెట్లలో చాలావాటికి సెకనుకు 550 మీటర్లు చాలనుకుంటే, రాగికి 600 మీటర్లకు తగ్గకుండా చూసుకోవడం క్షేమం. కాబట్టి బ్యారెల్ పొడవు తేల్చుకోకముందే బుల్లెట్ ఏదో తేలిపోవాలి.

యాక్షన్: ఉక్కా, టైటానియమా

1962లో వచ్చిన రెమింగ్టన్ 700 అడుగుభాగం ఆకృతి కస్టమ్ రైఫిల్ లోకంలో దాదాపు ప్రమాణంగా స్థిరపడింది. ఆ ఆకృతిని అనుసరించే యాక్షన్ తీసుకుంటే స్టాకులు, ట్రిగ్గర్లు, మ్యాగజైన్ అమరికలు లెక్కలేనన్ని దొరుకుతాయి. 2003లో మొదలైన టిక్కా టి3 కుటుంబపు యాక్షన్ నున్నగా కదులుతుంది, ధరకు మించిన నాణ్యత ఇస్తుంది, కాని దానికి సరిపడే ఉపకరణాల ఎంపిక తక్కువ. 1936 నాటి విన్‌చెస్టర్ మోడల్ 70, అంతకు ముందటి మౌజర్ 98 పద్ధతుల్లో పెద్ద ఎక్స్‌ట్రాక్టర్ (తూటా అంచును పట్టే కొక్కెం) తూటాను మ్యాగజైన్ నుంచి బయటకు వచ్చిన క్షణం నుంచే పట్టుకొని చాంబర్‌లోకి (బ్యారెల్ వెనుక తూటా కూర్చునే చోటికి) తీసుకువెళుతుంది. ప్రమాదకరమైన జంతువులు తిరిగే చోట, బోర్లా పడుకునో పక్కకు ఒరిగో బోల్ట్ ఆడించవలసి వచ్చినప్పుడు ఆ పట్టుకు విలువ ఉంది. మిగిలిన వేటలో తూటాను ముందుకు నెట్టే సాధారణ పద్ధతి కూడా ఏ లోటూ చేయదు.

టైటానియం సాంద్రత ఉక్కులో అరవై శాతానికి లోపే. పూర్తి యాక్షన్ లెక్కన చూస్తే మిగిలేది సుమారు 250 నుంచి 300 గ్రాములు. ఆ 300 గ్రాములకు చెల్లించే ధర మాత్రం తరచుగా మరో మంచి బ్యారెల్ ధరతో సమానం. టైటానియానికి రాపిడిలో ఒరుసుకుపోయి పట్టేసే గుణం ఉండటం వల్ల మంచి తయారీదారులు బోల్ట్‌ను గాని, కనీసం లాకింగ్ లగ్గులున్న (కాల్చేటప్పుడు బోల్ట్‌ను బిగించి ఉంచే పళ్లున్న) దాని తలను గాని ఉక్కుతో చేస్తారు, లేదా గట్టి పూత వేస్తారు. వెనుతన్ను, సమతూకం రెండింటినీ దృష్టిలో పెట్టుకుంటే, మొదటిసారి కట్టించుకునేవారికి రీకాయిల్ లగ్గు (వెనుతన్నును స్టాక్‌కు చేర్చే దిమ్మ) రిసీవర్‌లోనే కలిసి ఉన్న ఉక్కు యాక్షన్‌నే నేను సిఫారసు చేస్తాను. బరువు తగ్గించడానికి అంతకంటే చవకైన చోట్లు ఇంకా ఉన్నాయి.

బోల్ట్ ఎత్తే కోణం కూడా చూడాలి. రెండు లగ్గులున్న బోల్ట్‌ను సాధారణంగా 90 డిగ్రీలు, మూడు లగ్గులున్నదాన్ని 60 డిగ్రీలు ఎత్తాలి. 60 డిగ్రీల బోల్ట్ హ్యాండిల్ స్కోప్‌కు తగలకుండా త్వరగా తిరుగుతుంది కాని, తక్కువ దూరంలోనే స్ప్రింగును నొక్కవలసి ఉండటం వల్ల ఎత్తేటప్పుడు బిగువు ఎక్కువ. మందపు చేతి తొడుగులతో, చలికి మొద్దుబారిన వేళ్లతో ఆ బిగువు తెలుస్తుంది. కొనే ముందు రెండింటినీ చేత్తో ఆడించి చూడటమే ఉత్తమం.

బ్యారెల్: డబ్బు పెట్టవలసిన చోటు

రైఫిల్ ఖచ్చితత్వంలో అతి పెద్ద వాటా బ్యారెల్‌దీ, దానికి చాంబర్ కోసిన పనితనానిదీ. ఇక్కడ మూడు ఎంపికలు ఎదురవుతాయి: సన్నని ఉక్కు బ్యారెల్, వెలుపల గాడులు తీసిన కాస్త లావుపాటి ఉక్కు బ్యారెల్, పలుచని ఉక్కు లోగొట్టం చుట్టూ కార్బన్ ఫైబర్ చుట్టిన బ్యారెల్.

కార్బన్ చుట్టిన బ్యారెల్ గురించి ప్రచారంలో ఉన్న ఒక అపోహను ముందే తొలగించాలి. అది అదే లావున్న ఉక్కు బ్యారెల్ కంటే చాలా తేలిక, అది నిజం. అయితే సన్నని వేట ఆకృతిలో చేసిన ఉక్కు బ్యారెల్ కంటే తేలికగా ఉండాలని లేదు. 24 అంగుళాల సన్నని ఉక్కు బ్యారెల్ సుమారు 1.2 కిలోలు తూగితే, కార్బన్ చుట్టిన 24 అంగుళాల బ్యారెళ్లలో చాలావాటి బరువు 1.3 నుంచి 1.5 కిలోల మధ్య ఉంటుంది. కార్బన్ బ్యారెల్ అసలు ఇచ్చేది దృఢత్వం. లావు ఎక్కువ కాబట్టి తక్కువ కంపిస్తుంది, మజిల్ (బ్యారెల్ కొస) వద్ద సప్రెసర్ (శబ్దాన్ని తగ్గించే గొట్టం) బరువును వేలాడదీసినప్పుడు దాని ప్రభావం తక్కువగా ఉంటుంది. పైభాగం చల్లగా తగిలినంత మాత్రాన లోపలి ఉక్కు గొట్టం కూడా చల్లబడిందని అనుకోకూడదు. చాంబర్ ముందు భాగం అరిగిపోవడం లోపలి వేడిని బట్టి ఉంటుంది. సప్రెసర్ వాడాలనుకునేవారికీ, అభ్యాసంలో వరుసగా ఎక్కువ తూటాలు కాల్చేవారికీ కార్బన్ బ్యారెల్ ధర సమంజసమే. రెండు మూడు తూటాలతో వేట ముగించేవారు మంచి తయారీదారు చేసిన సన్నని ఉక్కు బ్యారెల్‌తో ఏ నష్టమూ లేకుండా తృప్తి పడవచ్చు.

రైఫ్లింగ్ పద్ధతి గురించి కొనేవారు అనవసరంగా కంగారు పడతారు. ఒక్కొక్క గాడినీ కొద్దికొద్దిగా కోసే పద్ధతిలో ఉక్కులో అంతర్గత ఒత్తిడి తక్కువగా మిగులుతుంది. గట్టి లోహపు బటన్‌ను లోపలి నుంచి లాగి లేదా నెట్టి గాడులు నొక్కే పద్ధతి వేగమైనది, కాని ఆ ఒత్తిడిని వేడితో తొలగించవలసి ఉంటుంది. రెండు పద్ధతుల్లోనూ అద్భుతమైన బ్యారెళ్లు వస్తాయి. ఒకే ఒక్క జాగ్రత్త: బటన్ పద్ధతిలో చేసిన బ్యారెల్‌కు తరువాత వేరే చోట వెలుపలి గాడులు తీయించవద్దు. మిగిలి ఉన్న ఒత్తిడి విడుదలై లోపలి వ్యాసం స్వల్పంగా మారే ప్రమాదం ఉంది. ఆ గాడులు కావాలనుకుంటే తయారీదారు చేతనే, రైఫ్లింగ్ పని జరిగే చోటే చేయించాలి.

పొడవు విషయానికి వస్తే, .308 వంటి తూటాలో ప్రతి అంగుళానికీ సెకనుకు సుమారు 6 మీటర్లు, మ్యాగ్నమ్ తూటాల్లో 8 నుంచి 9 మీటర్ల వరకు వేగం తగ్గుతుంది. 24 అంగుళాల నుంచి 20కి దిగితే .308లో పోయే 24 మీటర్లు వేట దూరాల్లో లెక్కలోకి రావు. దట్టమైన పొదల్లో నడిచేటప్పుడు తగ్గిన నాలుగు అంగుళాలు మాత్రం ప్రతి గంటా లెక్కలోకి వస్తాయి. మ్యాగ్నమ్‌ను 20 అంగుళాలకు కత్తిరించడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే భుజం భరించే తన్నును పూర్తిగా భరిస్తూ దాని ఫలితంలో కొంత భాగాన్ని మజిల్ వద్ద శబ్దంగా, మంటగా పారబోసుకున్నట్టవుతుంది. సప్రెసర్ లేకపోతే మ్యాగ్నమ్‌కు 24, ఉంటే 22 అంగుళాలు సమతూకంగా ఉంటాయి.

తీవ్రమైన చలి ప్రదేశాలకు వెళ్లేవారు లోహం సంగతి కూడా అడగాలి. వేట బ్యారెళ్లలో విరివిగా వాడే 416 రకం స్టెయిన్‌లెస్ ఉక్కు తుప్పును బాగా తట్టుకుంటుంది కాని అసలే తుప్పు పట్టనిది కాదు. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువ ఉష్ణోగ్రతల్లో సన్నని ఆకృతి గల బ్యారెళ్లకు స్టెయిన్‌లెస్ బదులు క్రోమ్-మాలిబ్డినం ఉక్కును సూచించే బ్యారెల్ తయారీదారులు ఉన్నారు. అలాంటి చోట వేటాడాలనుకుంటే ఆర్డర్ ఇచ్చే ముందే ఈ మాట నేరుగా అడిగి తేల్చుకోవాలి.

ఇప్పుడు ముందే చాంబర్ కోసి, సిద్ధంగా అమ్మే బ్యారెళ్లు కూడా దొరుకుతున్నాయి. యాక్షన్ తయారీదారు కొలతలను అతి నిక్కచ్చిగా పాటించినప్పుడు అవి చక్కగా కూర్చుంటాయి, నెలల నిరీక్షణను తప్పిస్తాయి. అయినా హెడ్‌స్పేస్‌ను, అంటే బోల్ట్ ముఖానికీ చాంబర్‌లో తూటా ఆనే చోటుకూ మధ్య దూరాన్ని, అర్హత గల గన్‌స్మిత్ గేజ్‌లతో సరిచూడకుండా ఒక్క తూటా కూడా కాల్చకూడదు. ఇది ప్రాణానికి సంబంధించిన విషయం, ఇందులో మినహాయింపు లేదు.

స్టాక్, ట్రిగ్గర్, మ్యాగజైన్

వాల్‌నట్ కర్ర స్టాక్ అందానికి సాటి లేదు, కాని వానలో తడిసి, ఎండలో ఆరి, ఆకృతి మారితే గురి మారుతుంది. పొరలు అతికించిన కర్ర స్థిరంగా ఉంటుంది గాని బరువు ఎక్కువ. అచ్చుపోసిన ప్లాస్టిక్ స్టాకుల్లో చవకరకం ముందుభాగం బైపాడ్ (రెండు కాళ్ల ఆధారం) మీద ఆనించగానే వంగి బ్యారెల్‌ను తాకుతుంది. ఫైబర్‌గ్లాస్, కార్బన్ ఫైబర్ స్టాకులే ఈ వేటకు సరైనవి. మంచి కార్బన్ స్టాక్ 600 నుంచి 850 గ్రాముల మధ్య ఉంటుంది. బరువు తగ్గించడానికి నేను మొదట చూపించే చోటు ఇదే, ఎందుకంటే ఇక్కడ పోయిన గ్రాములు ఖచ్చితత్వాన్ని తీసుకుపోవు. అల్యూమినియం చాసిస్ (స్టాక్‌కు బదులు వాడే లోహపు చట్రం) గట్టిదే అయినా చలిలో చేతులను, చెంపను గడ్డకట్టిస్తుంది.

ఏ స్టాక్ తీసుకున్నా యాక్షన్ కింద ఎపాక్సీ బెడ్డింగ్ (యాక్షన్ కదలకుండా కూర్చునేలా పోసే గట్టిపడే జిగురు) వేయించాలి, స్క్రూలు లోహపు పిల్లర్ల మీద బిగియాలి. స్టాక్ పొడవును మందపు చలికోటు వేసుకొని కొలిపించుకోవాలి; పలుచని చొక్కా మీద సరిపోయినది కోటు మీద పొడవై, స్కోప్‌కు కన్ను సరైన దూరంలో చేరనివ్వదు.

ట్రిగ్గర్‌కు 1.1 నుంచి 1.4 కిలోల లాగుడు బరువు సరైనది. అంతకంటే తేలికైనది గురిపోటీల మైదానంలో శోభిస్తుంది కాని, చేతి తొడుగులతో, స్పర్శ తెలియని వేళ్లతో అది ప్రమాదం. సర్దుబాటు చేశాక తుపాకీ ఖాళీగా ఉందని నిర్ధారించుకొని, బోల్ట్‌ను గట్టిగా మూసి, సేఫ్టీని ఒకసారి తీసి, మళ్లీ వేసి, ట్రిగ్గర్ దానంతట అది విడుదల కావడం లేదని పరీక్షించాలి. సేఫ్టీ వేసి ఉన్నప్పుడు కూడా బోల్ట్‌ను తాళం వేసినట్టు పట్టి ఉంచే మూడు స్థానాల సేఫ్టీ, వీపు మీద రైఫిల్ కొమ్మలకు తగులుతూ నడిచేవారికి నిజమైన మేలు చేస్తుంది.

మ్యాగజైన్ విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు. తీసివేయగల పెట్టె మ్యాగజైన్ తూటాలు ఖాళీ చేయడానికి సులువు, పోగొట్టుకుంటే రైఫిల్ ఒక్క తూటా ఆయుధంగా మిగులుతుంది. కింద మూత తెరుచుకునే పాత పద్ధతి తేలిక, చప్పుడు చేయదు, పోయేదీ లేదు. నడిచి వెళ్లే వేటకు నేను రెండోదానినే ఎంచుకుంటాను.

స్కోప్, దాని పట్టు

ఈ వేటలో పెద్ద పెద్ద జూమ్ అంకెలను చూసి మోసపోవడం సులువు. స్కోప్ నుంచి కంటికి చేరే వెలుగు స్తంభం వ్యాసం, ముందు అద్దం వ్యాసాన్ని జూమ్‌తో భాగిస్తే వచ్చే మిల్లీమీటర్లు. 44 మి.మీ. అద్దం 15 రెట్ల వద్ద 3 మి.మీ. కంటే తక్కువ ఇస్తుంది, 8 రెట్ల వద్ద 5.5 మి.మీ. ఇస్తుంది. సంధ్యవేళ మనిషి కంటిపాప 5 నుంచి 7 మి.మీ. వరకు తెరుచుకుంటుంది కాబట్టి, జంతువులు బయటికి వచ్చే ఆ వేళలో ఎలాగూ తక్కువ జూమ్‌కే రావలసి ఉంటుంది. 2.5-10 లేదా 3-15 రెట్ల స్కోప్ కొండ వేటకు అన్ని విధాలా చాలు. 30 మి.మీ. గొట్టం ఎక్కువ వెలుగు తెస్తుందన్నది నిజం కాదు. అది ఇచ్చేది సర్దుబాటుకు ఎక్కువ చోటు.

గురి గీతలు మొదటి ఫోకల్ తలంలో ఉంటే జూమ్‌తో పాటు అవి కూడా పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి, దూరానికి తగ్గట్టు గీత మీద పట్టే గుర్తులు ప్రతి జూమ్ వద్దా నిజమే చెబుతాయి. కాని తక్కువ జూమ్‌లో, చీకటి పొదల మధ్య గీతలు దారంలా సన్నబడి మాయమవుతాయి. రెండో ఫోకల్ తలంలో గీతలు ఎప్పుడూ ఒకే మందంలో కనిపిస్తాయి. గుర్తులు మాత్రం ఒక్క జూమ్ వద్దే నిజం. నాలుగు వందల మీటర్ల లోపు కాల్చేవారికి రెండో తలం సులువైనది, సంధ్యలో నమ్మదగినది. దూరాలకు టరెట్ (స్కోప్ మీది సర్దుబాటు చక్రం) తిప్పి సర్దుకునేవారికి కూడా అదే సరిపోతుంది, ఎందుకంటే టరెట్‌కు జూమ్‌తో సంబంధం లేదు.

మిల్‌రాడ్, ఎం.ఓ.ఏ. అనే కోణపు కొలతల్లో ఏది మేలన్నది అలవాటును బట్టి ఉంటుంది. ఒక మిల్‌రాడ్ వంద మీటర్లకు 10 సెంటీమీటర్లు, ఒక ఎం.ఓ.ఏ. వంద మీటర్లకు సుమారు 2.9 సెంటీమీటర్లు. మీటర్లలో ఆలోచించేవారికి మిల్‌రాడ్ లెక్క తేలిక. గీతలు ఒక కొలతలో, టరెట్ మరో కొలతలో ఉన్న స్కోప్‌ను మాత్రం ఎంత తగ్గింపు ధరకు వచ్చినా కొనవద్దు.

ఒక ఆకర్షణ గురించి ప్రత్యేకంగా హెచ్చరించాలి: మీ తూటాకు తగ్గట్టు నేరుగా మీటర్లే చెక్కి ఇచ్చే టరెట్. సముద్రమట్టంతో పోలిస్తే 3,000 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత నాలుగో వంతు తక్కువ. అక్కడ బుల్లెట్ తక్కువగా పడుతుంది కాబట్టి మైదానం ఎత్తుకు చెక్కిన అంకెలు దూరపు గురిలో పైకి కొడతాయి. మూడు వందల మీటర్ల లోపు ఈ తేడా స్వల్పమే, ఐదు వందల దగ్గర మాత్రం అలా వదిలేయదగినది కాదు. మామూలు కొలత టరెట్, వేటాడే ఎత్తుకు తయారు చేసుకున్న చిన్న పట్టిక మరింత నిజాయితీగా పనిచేస్తాయి. వీపు సంచికి రాసుకొని టరెట్ తిరిగిపోకుండా దానికి తాళం గాని మూత గాని ఉండాలి, తిప్పినదాన్ని చీకట్లో కూడా మొదటి స్థానానికి తిరిగి తేగలిగేలా జీరో స్టాప్ ఉండాలి.

స్కోప్‌ను రైఫిల్‌కు పట్టి ఉంచే రింగులు, బేస్‌ల మీద పొదుపు చేయకూడదు. రింగు మూతల స్క్రూలకు సుమారు 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. చేతి అంచనాతో అంతకంటే బిగిస్తే స్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది. బిగువును కొలిచే టార్క్ డ్రైవర్ ఒకటి కొనుక్కోవడం ఈ మొత్తం ఖర్చులో అతి చిన్నది, అతి ఎక్కువ ఫలితం ఇచ్చేది.

మజిల్ బ్రేకా, సప్రెసరా

మజిల్ బ్రేక్, అంటే వాయువులను పక్కలకు మళ్లించే బ్యారెల్ కొస ముక్క, తేలికైనది, చవక, మ్యాగ్నమ్ వెనుతన్నును గణనీయంగా తగ్గిస్తుంది. దాని మూల్యాన్ని చెవులు చెల్లిస్తాయి. వేట రైఫిల్ శబ్దం 160 డెసిబెల్స్ దాటుతుంది. క్షణికమైన శబ్దం 140 డెసిబెల్స్ దాటితేనే వినికిడికి శాశ్వత నష్టం జరగవచ్చు. బ్రేక్ ఆ శబ్దాన్ని కాల్చినవారి వైపూ పక్కన ఉన్న తోడు వైపూ మళ్లిస్తుంది. వేటలో చెవిమూతలు పెట్టుకునే వ్యవధి తరచుగా దొరకదు. సప్రెసర్ 20 నుంచి 30 డెసిబెల్స్ తగ్గించి, వెనుతన్నును కూడా తగ్గిస్తుంది. బదులుగా 300 నుంచి 450 గ్రాముల బరువును, 15 సెంటీమీటర్లకు పైగా పొడవును రైఫిల్ కొసన చేరుస్తుంది. చట్టం అనుమతించే చోట సప్రెసర్‌నే ఎంచుకోవాలని, అనుమతి లేని చోట బ్రేక్‌కు బదులు వెనుతన్ను తక్కువున్న తూటాను ఎంచుకోవాలని నా సలహా. ఏది వాడినా చెవులకు రక్షణ ఉండాలి.

రెండు పూర్తి కూర్పులు

పై మాటలన్నీ అంకెల్లో ఎలా కుదురుతాయో చూద్దాం. కొండగొర్రెలు, జింకల కోసం 7 ఎం.ఎం.-08 లేదా 6.5 క్రీడ్‌మూర్, పొట్టి ఉక్కు యాక్షన్ సుమారు 930 గ్రాములు, 22 అంగుళాల సన్నని ఉక్కు బ్యారెల్ 1,150, కార్బన్ స్టాక్ 750, ట్రిగ్గర్, కింది మూత కలిపి 170, స్కోప్ 500, రింగులు 120. మొత్తం సుమారు 3.6 కిలోలు. ఇందులో యాక్షన్‌ను టైటానియానికి మార్చితే 3.3 కిలోలకు చేరుతుంది. ఆ మార్పు డబ్బు మిగిలితే చేసుకోవలసినది, దాని కోసం బ్యారెల్ నాణ్యతనో స్కోప్ నాణ్యతనో తగ్గించుకోవలసినది కాదు.

ఎల్క్ స్థాయి జంతువుల కోసం 7 ఎం.ఎం. పి.ఆర్.సి., పొడవు ఉక్కు యాక్షన్ సుమారు 1,000 గ్రాములు, కార్బన్ చుట్టిన 22 అంగుళాల బ్యారెల్ 1,350, కాస్త బలమైన కార్బన్ స్టాక్ 850, ట్రిగ్గర్, కింది మూత 200, స్కోప్ 650, రింగులు 120, సప్రెసర్ 350. మొత్తం సుమారు 4.5 కిలోలు. ఈ అంకె చూసి చాలామంది వెనకాడతారు. సప్రెసర్‌ను నడకలో విప్పి సంచిలో పెట్టుకోవచ్చు, స్టాక్‌ను ఇంకో వంద గ్రాములు తేలిక చేసుకోవచ్చు. అంతకు మించి కోసివేయాలంటే మాత్రం తూటానే మార్చుకోవడం తెలివైన పని.

రైఫిల్ చేతికి వచ్చాక దాన్ని అంచనా వేసే పద్ధతి కూడా ఎంపికలో భాగమే. మూడు తూటాల గుంపు అదృష్టవశాత్తు చిన్నదిగా రావచ్చు. పది తూటాల గుంపు ఆ భ్రమను తీరుస్తుంది. అంతకంటే ముఖ్యమైనది చల్లని బ్యారెల్ నుంచి వచ్చే మొదటి తూటా. వేర్వేరు రోజుల్లో, ప్రతిరోజూ మొదటి తూటాను ఒకే కాగితం మీద కాల్చి, ఆ రంధ్రాలన్నీ ఎంత వ్యాసంలో ఇమిడాయో చూసి, ఆ వ్యాసం జంతువు ఛాతీ భాగంలో నిశ్చయంగా పట్టే దూరాన్నే మీ గరిష్ఠ దూరంగా నిర్ణయించుకోవాలి. ఇదే పరీక్షను ఒకసారి గడ్డకట్టే చలిలో, బోల్ట్‌లోని నూనెను పూర్తిగా తుడిచి, పొడి కందెన వేసి, రాత్రంతా రైఫిల్‌ను బయట ఉంచిన తరువాత చేయాలి. ఎక్కడైనా మిగిలిపోయి చిక్కబడిన నూనె వల్ల ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టి పేల్చే సూది) మందగించినా, ట్రిగ్గర్‌లో తేమ గడ్డకట్టినా ఆ ఉదయమే బయటపడుతుంది, అప్పుడు గన్‌స్మిత్ దగ్గరకు తీసుకువెళ్లి సరిచేయించుకోవడానికి వేట కాలం మొదలయ్యేలోగా వ్యవధి కూడా ఉంటుంది.